పేజీ తెరవమన్న దురాయి

ఆ గురువారం పొద్దున గంగాభవాని చేయవలసిన పనులు ఇవి. ఎండ ముదరకముందే మంచెల మీద ఆరబోసిన నెత్తళ్ళను, ఆ చిన్న చేపలను, తిరగేయాలి. ప్యాకెట్ల మీద అంటించే కాగితాలకు ముత్తుకూరు వెళ్ళి ప్రింటు తీయించుకోవాలి. వచ్చిన ఒక్కగానొక్క ఆర్డరును కొరియరు ఆఫీసులో అప్పగించాలి. మేనత్త పిచ్చమ్మకు కంటి చుక్కలు కొనాలి. అమ్మకం పేజీలో సరుకు పేరు మార్చి, జనం నిజంగా ఏ మాటలతో వెతుకుతారో ఆ మాటలు పెట్టాలి. ఆఖరుగా ఊరి పెద్ద, పెద్దకాపు ముత్యాలయ్య ముందు నిలబడి, ఆయన ఊరికి వేసిన దురాయి ఊరి బేరాన్నే ముంచుతోందని చెప్పాలి.

ఎండ నడినెత్తికి రాకముందే ఆఖరిది తప్ప అన్నీ అయిపోయాయి. ఇంకేమన్నా మిగిలిందేమోనని ఆమె వెతుక్కుంది కూడా. ఏమీ దొరక్క, తుడిచిన బల్లనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

ఈ పని ఎందుకింత కష్టమైందో తెలియాలంటే వెనక జరిగింది కొంచెం చెప్పుకోవాలి. చేపల వేట మీద బతికే ఆ పట్టపుపాలెంలో డిగ్రీ చదివిన మొదటి మనిషి గంగాభవాని. చదువయ్యాక ఊరికే వచ్చి, చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళను కూడగట్టి, వాళ్ళ సరుకును ఫోనులో అమ్మే అంగడిలో పెట్టింది. ఇసుక తగలకుండా మంచెల మీద ఆరబెట్టిన నెత్తళ్ళు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఎవరన్నా ఎండుచేపలని వెతికితే, వీళ్ళ పేజీ మొదటి వరుసల్లోనే కనిపించేది. షెడ్డులో సరుకు ఎప్పటికప్పుడు ఖాళీ అయ్యేది. ఉన్నట్టుండి ఆ పేజీ కిందికి జారింది. జారి జారి ఎవరూ చూడనంత లోపలికి పోయింది. ఏప్రిల్ సగంలో వేట నిషేధం మొదలైతే రెండు నెలలు పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ రెండు నెలలూ పొయ్యి మీదికి రావలసిందంతా షెడ్డులో బస్తాల్లో ఉంది. కొనేవాళ్ళకు మాత్రం పేజీ కనబడటం లేదు.

కావలిలో బట్టలు అదే అంగడిలో అమ్ముకునే వినీల, గంగాభవాని హాస్టలు స్నేహితురాలు. పోయిన వారం ఆమె దగ్గరికి వెళితే, పేజీ ఎంత లోపలికి పోయిందో ఆమె ఫోనులో కనిపించింది, ఎందుకు పోయిందో కూడా బయటపడింది. పేజీ చూసేవాళ్ళు విపరీతంగా పెరిగారు. కొనేవాళ్ళు పెరగలేదు. చూసి కొనకుండా పోయేవాళ్ళు ఎక్కువైతే ఆ సరుకు ఎవరికీ నచ్చలేదనుకుని అంగడి నడిపే యంత్రం దాన్ని వెనక్కి నెడుతుందని వినీల చెప్పింది. ఎవరా చూసేవాళ్ళు? ఊరికి తిరిగివచ్చి బస్సు దిగుతూనే గంగాభవాని తన కళ్ళతోనే చూసింది. టీకొట్టు దగ్గర పడవ మనిషి పోలేరయ్య తన ఫోనులో ఆమె పేజీ తెరిచి, కళ్ళకద్దుకుని, మూసి జేబులో పెట్టుకున్నాడు. అడిగితే చెప్పాడు. ఆమె నెల్లూరులో శిక్షణకు వెళ్ళిన రోజుల్లో పెద్దకాపు దురాయి వేశాడట. ప్రతి ఇంటివాళ్ళూ లేస్తూనే ఆ పేజీ తెరిచి చూడాలి, చూసినట్టు గంగాభవానికి చెప్పకూడదు, వేట నిషేధం వచ్చేదాకా ఎవరూ తప్పకూడదు అని.

దురాయి అంటే ఆ ఊళ్ళో చట్టం. వేటకు పోవద్దంటే పడవ కదలదు. పెద్దకాపు వేసినదాన్ని ఇంకొకరు ప్రశ్నించరు.

"ఆ బల్లను ఎన్నిసార్లు తుడస్తావే? అరిగిపోతాది," అంది పిచ్చమ్మ, మంచె దగ్గర నుంచి తల తిప్పకుండానే.

"పోతాండాలే అత్తా."

"పో. పోయి తప్పు అని మాత్రం అనబాక. నలుగురిలో అసలే అనబాక. నిన్ను బస్సెక్కించిన మనిషాయన."

"అందుకే గదత్తా కాళ్ళు ఆడటంలా."

నిజమే. గంగాభవానిని చదువుకు కావలి పంపడానికి తండ్రి వెనకాడుతుంటే, ఈ పిల్ల చదువు ఊరి చదువని చెప్పి ముత్యాలయ్యే ఆమె ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని బస్సు దాకా వచ్చాడు. బస్సు కదిలాక కూడా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. అలాంటి మనిషికి చెప్పవలసిన మాట ఇది. పమిట బిగించుకుని ఆమె వలల షెడ్డు వైపు నడిచింది.

పొద్దుటి పడవలు వచ్చేశాయి. రేవులో ఏలంపాట ముగిసింది. షెడ్డు నీడలో ముత్యాలయ్య కాళ్ళు చాపుకుని, కాలి బొటనవేలికి వల కన్ను తగిలించి, తెగినచోట సూదితో అల్లుతున్నాడు. ఎదురుగా పోలేరయ్య ఇంకో వల ముందేసుకుని కూర్చున్నాడు. అతని చేతులకంటే నోటికి పని ఎక్కువ.

"రామ్మే. కూర్చో," అన్నాడు ముత్యాలయ్య. "ఎట్టుండాది బేరం?"

"బాగాలేదు తాతా."

"బాగాలేకుండా ఎట్టా పోతాది? ఊరంతా లేస్తానే నీ పేజీ..." అని ఆగిపోయాడు.

పోలేరయ్య చేతిలో సూది కింద పెట్టేశాడు. "నోరు జారినావు మావా. ఆయమ్మికి చెప్పకూడదని నువ్వే గదా చాటినావు. దురాయి వేసినోడే దురాయి తప్పినాడు. ఇప్పుడు తప్పు ఎవరు కట్టాల?"

"నువ్వు కట్టు. టీకొట్టు కాడ మొదట వాగింది నువ్వంట గదా."

పోలేరయ్య మళ్ళీ సూది తీసుకున్నాడు. ముత్యాలయ్య నవ్వి గంగాభవాని వైపు తిరిగాడు. "సరేలే. తెలిసిపోయింది గదా. దానికోసం దండాలు పెట్టడానికి వచ్చి ఉంటే అక్కర్లా. ఊరి పిల్ల పెట్టిన అంగడి, ఊరే చూడకపోతే ఇంకెవరు చూస్తారు?"

"దండం పెట్టడానికి రాలేదు తాతా. ఆపమని అడగడానికి వచ్చినా."

సూది ఆగింది. ముత్యాలయ్య కాలివేలి నుంచి వల కన్ను జారిపోయింది. ఆయన దాన్ని మళ్ళీ తగిలించుకోలేదు.

దారి పొడుగునా గంగాభవాని మాటలు కూర్చుకుంటూ వచ్చింది. వినీల చెప్పిన లెక్కలు, శాతాలు, ఇంగ్లీషు మాటలు. ఆయన ముఖం చూశాక అవేవీ నోటికి రాలేదు. బయట రేవులో నీళ్ళు కొట్టి కడుగుతున్న ఏలంపాట అరుగు కనిపించింది.

"తాతా, రేవులో పాట నువ్వే గదా పాడించేది. ఒకరోజు వంజరం పోసినావనుకో. పదిమంది వచ్చినారు. మొప్పలు ఎత్తి చూసినారు. ఒక్కరూ పాట పాడకుండా ఎనక్కి పోయినారు. మళ్ళా పదిమంది వచ్చినారు. వాళ్ళూ ఎత్తి చూసినారు, పోయినారు. ఇదంతా నెల్లూరు నుంచి వచ్చిన కొత్త యాపారి ఎనకాల నిలబడి చూస్తాండాడు. ఏమనుకుంటాడు?"

"చేప చెడిపోయింది అనుకుంటాడు," అన్నాడు పోలేరయ్య ఠక్కున. అన్నాక ముత్యాలయ్య వైపు చూసి, అనకుండా ఉండాల్సిందేమో అన్నట్టు వల మీదికి వంగాడు.

"ఆ అంగడి నడిపే యంత్రం కూడా ఆ యాపారి మాదిరే తాతా. మన నెత్తళ్ళు నమిలి చూసే నోరు లేదు దానికి. వాసన పట్టే ముక్కు లేదు. జనం ఏం చేస్తాండారో అదొకటే చూస్తాది. వెతికినోళ్ళు ఏ మాట కొట్టినారు, ఆ మాట మన పేరులో ఉండాదా, చూసినోళ్ళలో ఎంతమంది కొన్నారు, చెప్పిన రోజుకి పంపినామా, సరుకు ఎనక్కి వచ్చిందా. ఇట్టాంటివన్నీ కలిపి ఎవర్ని ముందర నిలబెట్టాలో చూసుకుంటాది. అసలు లెక్క వాళ్ళెవరికీ చెప్పరు. మనం అంచనా కట్టుకోవడమే. ఈ ఒక్కటి మాత్రం ఖాయం. పొద్దునే ఊరంతా మొప్పలు ఎత్తి పోతాండాది తాతా."

ముత్యాలయ్య జారిన వల కన్నును వేళ్ళతో సాగదీసి చూశాడు. 

"మేము కొనేవాళ్ళం కాదు, ఊరోళ్ళం, మంచి కోరి చూస్తాండాం అని దానికి తెలీదా?"

"తెలీదు తాతా. దానికి అందరూ గిరాకీలే."

"అయితే కొనేద్దాం," అన్నాడు పోలేరయ్య. కాసేపు తనలో తనే ఆలోచించుకున్నాడు. "మనం పట్టిన చేప, మన ఆడోళ్ళు ఎండబెట్టిన చేప, మనమే కొని, అది కొరియరు బండెక్కి నెల్లూరు పోయి, మళ్ళా మనింటికే వస్తాది. దాన్ని టీవీలో చూపించినట్టు తలుపు తీసి నవ్వుతా తీసుకోవాల."

"అట్టా కూడా చేయకూడదు మావా. అది మోసం కిందికి వస్తాది."

"చూస్తే చెడిపాయె, కొంటే మోసమాయె. నీ చదువు బాగుండాదమ్మే."

ముత్యాలయ్య చెయ్యెత్తి అతన్ని ఆపాడు. జేబులోంచి ఫోను తీశాడు. "ఇట్టా రా. చూడు," అన్నాడు. ఫోనును నోటి దగ్గర పెట్టుకుని, అవతలి ఒడ్డున ఉన్న మనిషిని పిలిచినట్టుగా, "ఎండు నెత్తళ్ళు" అన్నాడు.

తెర మీద బొమ్మలు వచ్చాయి. అన్నిటికంటే ముందు గంగాభవాని పేజీ. మంచె మీద వెండిలా మెరిసే నెత్తళ్ళు. పక్కన పిచ్చమ్మ చెయ్యి.

"ఇదేంది మరి? కింద పడింది, జారింది అన్నావు. పైనే ఉండాది గదా." గొంతు పెరగలేదు. అయినా ఆ మాటలో బరువుంది. "నేను వేసింది పని చేసిందా లేదా?"

పోలేరయ్య మెడ చాచి చూసి, "పైనే ఉండాది మావా. సింహాసనం మీద కూర్చున్నట్టుండాది," అన్నాడు.

 ఇది గంగాభవాని ఊహించలేదు. ఊహించి ఉండాల్సింది. వినీల ఇదీ చెప్పింది. తను వినలేదు, లెక్కలు రాసుకునే తొందరలో ఉంది.

"తాతా, ఆ ఫోను నీది. రోజూ లేస్తానే ఈ పేజీ తెరుస్తావు గాబట్టి, ఈయనకి ఇదే ఇష్టం అనుకోని నీకు ముందర పెడతాండాది. వేరేవాళ్ళకి ఇట్టా రాదు."

"అంటే నాకు నచ్చేది నాకు చెప్తాండాది."

"ఆ."

"ఊళ్ళో కూడా ఉండార్లే అట్టాంటోళ్ళు," అని ముత్యాలయ్య పోలేరయ్యను చూశాడు. పోలేరయ్య వలలో లేని చిరుగు కోసం వెతకసాగాడు. ముత్యాలయ్య మళ్ళీ గంగాభవానితో, "నువ్వు చెప్పేది అబద్ధమని అనను. నా కళ్ళకి కనపడేది ఒకటి, నువ్వు చెప్పేది ఒకటి. రెండో దాన్ని నమ్మి ఊరి ముందర దురాయి ఎత్తమంటావా? మా నాయన కాలం నుంచి గడువు తీరకముందు దురాయి ఎత్తింది లేదు. ఎత్తాలంటే వేసినోడే కర్ర కింద పెట్టి, నాదే పొరపాటని చెప్పాల. చెప్పడానికి నాకు బాధ లేదు. నిజమైతేనే చెప్తా."

న్యాయమైన మాటే. గంగాభవాని తన ఫోను తీయబోయి ఆగింది. తన ఫోను ఆయన ఫోనుకంటే పనికిరానిది. పిచ్చమ్మ ఫోను అంతే. ఊళ్ళో ఏ ఇంట్లో ఫోను తీసినా ఆ పేజీనే ముందు నిలబెడుతుంది. ఊరంతా కలిసి తమ కళ్ళకు తామే గంతలు కట్టుకున్నట్టయింది. వినీల కావలిలో ఉంది. ఆమె చూసి చెప్పినా అది మళ్ళీ చెప్పుడు మాటే.

అప్పుడే ఐసు లారీ వచ్చి షెడ్డు పక్కన ఆగింది. డ్రైవరు చెంగయ్య దిగి మెడ చుట్టూ ఉన్న తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. సంగం ఊరి మనిషి, వరి పండించే ఇల్లు. వారానికి రెండు మూడుసార్లు ఐసు తెచ్చినా, ముక్కుకు తువ్వాలు అడ్డంపెట్టుకోకుండా రేవులో నడవడు.

గంగాభవాని లేచి నిలబడింది. "చెంగయ్యన్నా, నీ ఫోనులో ఎప్పుడన్నా ఎండుచేప వెతికినావా?"

"నేనెందుకు వెతకతాను తల్లీ? మీ ఊరి మలుపు తిరిగితే చాలు, అదే నన్ను వెతుక్కుంటా వస్తాది. నేను ఇంటికి పోతే మా ఆవిడ నన్ను బయటే నిలబెట్టి నీళ్ళు పోస్తాది."

ముత్యాలయ్యకు అర్థమైంది. చెయ్యి చాచాడు. "ఆ ఫోను ఇట్టా ఇవ్వు నాయనా."

చెంగయ్య ఏదో పంచాయితీలో ఇరుక్కున్నానేమోనని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ తర్వాత ఇచ్చాడు. గంగాభవాని అందులో అదే అంగడి తెరిచి పెట్టింది. ముత్యాలయ్య మళ్ళీ అలాగే గట్టిగా పిలిచాడు.

ఈసారి ముందుగా వచ్చినవాటి మీద ప్రకటన అని చిన్న అక్షరాలున్నాయి. "ఇవి కంపెనీకి డబ్బు కట్టి ముందర నిలబడినవి," అని చెప్పింది గంగాభవాని. వాటి కింద పెద్ద పెద్ద కంపెనీల రంగు ప్యాకెట్లు. ముత్యాలయ్య బొటనవేలితో పైకి నెట్టాడు. తాళ్ళు లాగి లాగి కాయలు కాసిన ఆ వేలిని తెర ఒక్కోసారి గుర్తుపట్టలేదు. ఆయన పంచెకు తుడుచుకుని మళ్ళీ నెట్టాడు. కేరళ ప్యాకెట్లు. మంగళూరు ప్యాకెట్లు. కుక్కలకు పెట్టే ఎండుచేపల ప్యాకెట్టు ఒకటి.

"కుక్కల చేప కూడా మనకంటే ముందరే ఉండాదే," అన్నాడు పోలేరయ్య. ఎవరూ నవ్వలేదు.

తెర అడుగుకు వస్తే రెండో పేజీ. గంగాభవాని నొక్కడానికి చెయ్యి చాపితే ఆయన వద్దని తనే నొక్కాడు. మూడో పేజీ. బొమ్మలన్నీ ఒకేలా కనిపించసాగాయి. చెంగయ్య కూడా తువ్వాలు తీసేసి వంగి చూస్తున్నాడు. నాలుగు. ఐదో పేజీలో సగం దాటాక, రెండు రంగు ప్యాకెట్ల మధ్య, మంచె మీద నెత్తళ్ళు, పక్కన పిచ్చమ్మ చెయ్యి.

ముత్యాలయ్య ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. దాన్ని తెరవలేదు. వేలు అలవాటుగా దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది.

"నాయనా, నీకు చేప కావాలంటే ఇంత లోపలికి వచ్చి వెతకతావా?" అని చెంగయ్యను అడిగాడు.

"రాను పెద్దాయనా. మొదట కనపడినదే కొంటా. ఎవరికి తీరిక?"

ముత్యాలయ్య ఫోను అతనికి ఇచ్చేశాడు. చెంగయ్య ఐసు దింపించడానికి వెళ్ళాడు. షెడ్డు పక్కన ఐసు గడ్డలు జారే చప్పుడు మొదలైంది.

"నేను వేయబట్టే గదా," అన్నాడు ముత్యాలయ్య.

"ప్రేమతో వేసినావు తాతా."

"ప్రేమతో వేస్తే మునగదా?"

  ముత్యాలయ్య వల మడత పెట్టి, చేతికర్ర అందుకుని లేచాడు.

పోలేరయ్య గొంతు తగ్గించి, "మావా, ఊరి ముందర ఎందుకులే. ఇంటింటికీ పోయి నేను మెల్లగా చెప్పొస్తా. రేపటి నుంచి చూడబాకండి అంటే సరిపోతాది. నీ మర్యాద నీకుంటాది," అన్నాడు.

"చాటి వేసినాను. చాటే ఎత్తాల."

సాయంత్రం ఎండ చల్లబడ్డాక అందరినీ ఒడ్డుకు రమ్మని కబురు పోయింది. లాగిపెట్టిన పడవల మధ్య మగవాళ్ళు నిలబడ్డారు. ఆడవాళ్ళు ఇసుకలో కూర్చున్నారు. పిచ్చమ్మ కంట్లో చుక్కలు వేసుకుని వచ్చింది. అవి కారుతుంటే పక్కనున్నావిడ, ఇంకా ఏం జరగకముందే ఏడుస్తావేందని ఎగతాళి చేసింది. గంగాభవాని ఎక్కడ నిలబడాలో తెలియక ఒక పడవకు ఆనుకుంది. తన కోసం ఆ ముసలాయన తల వంచబోతున్నాడు. తప్పు తనది కాకపోయినా ఆ తల వంపు తనదే అనిపించింది.

ముత్యాలయ్య కర్రను ఇసుకలో పడుకోబెట్టాడు. అది చూడగానే మాటలన్నీ ఆగాయి.

"మన గంగాభవాని పేజీ రోజూ చూడమని దురాయి వేసినాను. మంచే జరగతాదనుకున్నా. నాకు తెలీని నీళ్ళలో వల వేసినా. చూసి కొనకపోతే పేజీ కిందికి పోతాదంట. నా కళ్ళతో చూసినా, పోయింది. కాబట్టి ఆ దురాయి ఎత్తేస్తాండా. ఈ పొద్దు నుంచి ఊళ్ళో ఎవరూ ఆ పేజీ తెరవకూడదు. ఇందులో ఆ పిల్ల తప్పు లేదు. మీ తప్పూ లేదు. మీరు నా మాట విన్నారు, అంతే."

 వెనక వరుసలోంచి ఒక ఆడగొంతు, "మరి రేపు పొద్దున లేస్తానే ఏం తెరవాల పెద్దకాపా?" అంది.

"తలుపు తెరవండి," అన్నాడు ముత్యాలయ్య.

ముందు పిల్లలు నవ్వారు. తర్వాత అందరూ. ఆయన కూడా నవ్వి, వంగి కర్ర తీసుకోబోతుంటే ఇద్దరు ముగ్గురు పడవ దగ్గరివాళ్ళు ముందుకు వచ్చారు. వాళ్ళకంటే ముందు గంగాభవాని అందుకుని ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"ఎప్పటికి పైకొస్తాది?"

"ఖాయంగా చెప్పలేను తాతా. మెల్లగా వస్తాది. నిజంగా కావాల్సినోళ్ళు చూసి, కొని, బాగుంటే మళ్ళా కొంటే వస్తాది. పేరు మార్చినా ఈ పొద్దు. వెతికే మాటలు పెట్టినా."

"వేట ఆగేలోపల వస్తే చాలు," అని ఆయన ఇంటి దారి పట్టాడు. నడకలో తేడా లేదు. గంగాభవాని అది గమనించి నిమ్మళపడింది.  వెలుతురు ఇంకా ఉంది. మంచెల మీద చేపలను ఎత్తి పెట్టుకుంటే ఈ రోజు పని ముగిసినట్టే.

ఆమె తట్టలోకి నెత్తళ్ళు తోడుతుంటే పోలేరయ్య వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో లెక్క అడగడానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"అమ్మే, ఒక అనుమానం. మన పేజీ తెరవొద్దన్నాడు మావ. మరి ఆ పులికాటామె పేజీ సంగతేంది? అది చేస్తా ఉండొచ్చా?"

"ఏ పులికాటామె?"

"మనకంటే పైన ఉండె గదా ఒకామె. తడ దిక్కు. అది మావ చెప్పింది కాదులే, దురాయిలో లేదు. మేం నలుగురం పడవోళ్ళం కూర్చోని, ఊరికి ఇంకొంచెం సాయం చేద్దామని మొదలుపెట్టినాం. ఆమె పేజీలోకి పోయి, మెచ్చుకునేదానికి ఐదు చుక్కలు పెట్టే కాడ ఒక్క చుక్క ఇచ్చి, చేపలో ఇసుకుండాది, కుళ్ళు వాసన అని రాయడం. కొనకపోయినా రాయనిస్తాది గదా ఆ అంగడి. చానామంది రాసినారు. మాకు బాగానే వచ్చేసింది రాయడం."

గంగాభవాని చేతిలోని తట్ట మంచె మీద పెట్టింది. "ఆపండి మావా. ఈ పొద్దే ఆపండి."

"ఆపేస్తాం. అడుగుదామనే వచ్చినా," అని అతను తేలిగ్గా, సముద్రం వైపు చూసుకుంటూ వెళ్ళిపోయాడు. తను చేసింది ఏమిటో అతనికి తెలియలేదు.

గంగాభవాని ఆ పేజీ కోసం తన ఫోనులో వెతికింది. దొరకడానికి చాలాసేపు పట్టింది. ఐదో పేజీకి ఎంతో దిగువన ఉంది. డెబోరా ఎండుచేపలు. చెరువు ఒడ్డున చేటతో నిలబడ్డ ఒక ఆవిడ బొమ్మ. ఎండకు కళ్ళు చికిలించింది. కింద ఒకే వాక్యం, నేను ఒక్కదాన్నే ఎండబెట్టి పంపుతాను అని. ఆ కింద వరసగా ఒక్క చుక్కలు. రాసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ గంగాభవానికి తెలిసినవే. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిరునాళ్ళు చూపించినవాళ్ళ పేర్లు.

కావలిలో వినీల చివరగా అన్న మాట ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంకొకరి సరుకు మీద అబద్ధాలు రాయించినట్టు తేలితే, రాయించినవాళ్ళ పేజీని కంపెనీ మూసేస్తుంది, మళ్ళీ తెరవనివ్వదు. ఒకసారి రాసింది రాసినవాళ్ళు కూడా చెరిపే వీలు ఆ అంగడిలో లేదు. ఆ మాటలు తీసేయించాలంటే ఎవరు రాశారో కంపెనీకి తనే చెప్పాలి. చెబితే ఊరి బస్తాలు షెడ్డులోనే ఉండిపోతాయి. చెప్పకపోతే ఆవిడ పేజీ అక్కడే ఉండిపోతుంది.

ఫోను చిన్నగా మోగింది. తన సొంత పేజీలో, కొనేవాళ్ళు ప్రశ్నలు అడిగేచోట, ఎవరో కొత్తగా రాశారు.

అక్కా, నేనూ ఎండుచేపలు అమ్ముకుంటాను. నా పేజీ ఎందుకు పడిపోయిందో తెలియడం లేదు. చెప్పేవాళ్ళు లేరు. మీరు చదువుకున్నవాళ్ళని మీ పేజీలో చూశాను. నా తప్పేమిటో కొంచెం చూసి చెబుతారా? డెబోరా.

గంగాభవాని మంచె పక్కనే ఇసుకలో కూర్చుండిపోయింది. పిచ్చమ్మ ఇంటి నుంచి పిలుస్తోంది. చేపలు ఇంకా సగం మంచె మీదే ఉన్నాయి. జవాబు రాసే పెట్టెలో అక్కా అని ఒక్క మాట పడింది, ఆ తర్వాత వేలు కదల్లేదు.

ఆమె ఏం రాస్తుందో ఆమెకే ఇంకా తెలియదు. అది తేలేదాకా మీరు డెబోరాను గుర్తుంచుకోండి. ఆవిడ ఇల్లెక్కడో, ఆవిడ ఇంటివాళ్ళెవరో ఇంకా మనకు తెలియదు. ఆవిడ చేపల్లో ఇసుక ఉందో లేదో, ఉందని రాసినవాళ్ళలో ఒక్కరికీ తెలియదు.